తిరిగొచ్చిన వెచ్చన

ఫిబ్రవరి 4

ల్యాబులో కణాలు లెక్కపెట్టే యంత్రం మళ్లీ చచ్చింది. ఈ ఉప్పుగాలికి దాని లోపల తుప్పు పట్టని ముక్క ఒక్కటీ మిగల్లేదు. పైఊరి ఆఫీసుకు కబురు పెడితే, "కొత్తది వచ్చేదాకా కంటితో చూసి రాయండి నూకరత్నం గారూ" అన్నారు, నాకేదో పండగ సెలవు ఇచ్చినంత ఉదారంగా. వాళ్లకేం, కొండ మీద చల్లగా కూర్చుని ఎన్నయినా చెబుతారు. అటక మీది పాత మైక్రోస్కోపు దించి, అద్దాలు తుడిచి, బల్ల మీద పెట్టుకున్నాను. ఆఫీసుకు పంపేది ఆఫీసు భాషలో రాస్తాను. ఇది మాత్రం నాకోసం, నా తెలుగులో.

పొద్దున్నే మా పని ఒకటే. ఇంటి కప్పు మీది కరెంటిచ్చే ఎండపలకల ఉప్పు గీకాలి. పొగమంచు పట్టడానికి రాత్రి కట్టిన గుడ్డలు పిండి బిందెలో నీళ్లు పట్టాలి. ఆ తర్వాత తాళ్ల వంతెన మీద ఊగుతూ ల్యాబుకు రావాలి. కింద వీధులన్నీ సముద్రంలో ఉన్నాయి. మ్వాలింబా నగరంలో మా కింగోని పేట మొత్తం పాత మేడల పైఅంతస్తుల్లోనే కాపురం ఉంటోంది. నా మొగుడు జబారి పని ఆ వంతెనల తాళ్లు బిగించడం. పేటంతా అతని ముడుల మీదే నడుస్తోందని నేను వేళాకోళం చేస్తుంటాను.

ల్యాబు గుమ్మం ముందు పొడుగాటి బల్ల ఉంది. దాని మీద ఎప్పుడూ ఆడవాళ్లే ఉంటారు. వీర్యపరీక్షకు మా పేట మగవాడు తనంతట తాను రాడు. పెళ్లామో తల్లో సీసా తెస్తుంది, చంకలో ఇరికించుకుని, పైన కాంగా గుడ్డ కప్పుకుని, ఒంటి వేడి పోకుండా. వీర్యం అనే మాట ఎవరూ పలకరు. "ఎచ్చన తెచ్చినాను" అంటారు. మగవాడు తన వెచ్చన తానే మోసుకురావడం బిచ్చమెత్తడం కంటే హీనమని ఇక్కడ లెక్క.

ఈరోజు చూసినవన్నీ ఎప్పటిలాంటివే. గుండుసూది తలలు, తలలే లేనివి, రెండు తోకలవి, తోక చుట్టుకుని చేగోడీ అయినవి. కంటితో చూస్తే ఒక సంగతి మళ్లీ గుర్తొచ్చింది. ఏ మగవాడి లోపం వాడిదే. చేతిరాత లాంటిది. పేరు చూడకుండానే ఎవరిదో నేను చెప్పగలను.

జబారిది కూడా నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో మా అత్త పోలమ్మ చంకలో పెట్టుకుని తెచ్చింది. గుండ్రటి తలలు, పొట్టి తోకలు, ఉన్నవే కాసిని. ఆ రోజు తలుపేసుకుని ఏడ్చాను. ఇప్పటికీ ఎవరింటి తాడు మీదైనా పసిబట్టలు ఆరేసి కనిపిస్తే ముఖం తిప్పుకుంటాను. నాకు బిడ్డ కావాలి. ఈ మాట ఇక్కడ కాక ఇంకెక్కడ రాసుకోను?

పరీక్ష కాగా మిగిలింది తిరిగి ఇచ్చేస్తాను. ఆడవాళ్లు దాన్ని సగం మునిగిన సుంకాల ఆఫీసు మెట్ల దగ్గరికి తీసుకెళ్లి సముద్రంలో పోసి దండం పెట్టి వస్తారు. పుట్టని పిల్లలకు నీళ్లు వదలడం అది. నేను పుట్టకముందు నుంచీ ఉన్న ఆచారం.

ఫిబ్రవరి 19

నన్ను అక్క వరసన అప్పా అని పిలిచే జవాదీ ఈ రోజు తెచ్చిన సీసా చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈ ఉద్యోగంలో చేరాక అలాంటిది చూడలేదు. నిండుగా ఉన్నాయి. కోలగా, నున్నగా తలలు, పొడుగాటి తోకలు, అన్నీ చలాకీగా ఈదుతున్నాయి. కిందటేడు ఇదే మనిషి మొగుడిది చూస్తే తలా తోకా లేనివి నాలుగు తేలుతున్నాయి.

బయటికెళ్లి చెప్పగానే బల్ల మీది ఆడవాళ్లంతా సంబరంగా నాలుకలు ఆడించి ఊళలు వేశారు. నా ఒళ్లు పులకరించింది. జవాదీ మాత్రం నవ్వుతూనే నేలచూపులు చూసింది.

"ఇంత బాగున్నాక నాతో పనేముందే? ఇంటికెళ్లి మీ ఆయన పక్కన పడుకో" అన్నాను.

"నీ సేత్తోనే ఎయ్యప్పా. నీ సెయ్యి మంచిది" అంది, నా చెయ్యి పట్టుకుని.

పొగిడితే పడిపోయే మనిషిని కదా, పిచికారీతో గర్భంలోకి నేనే వేశాను.

మార్చి 22

రోజూ ఒకటి రెండు మంచి సీసాలు వస్తున్నాయి. ఏ సీసా తెచ్చిన మనిషీ ఇంటికెళ్లి కాపురం చేసుకుంటానని అనదు. అందరికీ నా చెయ్యే కావాలి. పైఊరి ఆఫీసువాళ్లు అభినందనలు పంపారు. మీ పేట నీళ్లలో ఏముందో కనుక్కోండి, నగరమంతా చల్లుదాం అని ఒక దొరగారు హాస్యమాడారు. నవ్వాను.

ఇంట్లో మా అత్త నా ముఖంలోకి అదేపనిగా చూస్తోంది. అన్నం వడ్డిస్తుంటే కూడా చూస్తోంది.

"ఏటత్తా?" అన్నాను.

"ఏటీ నేదే" అంది. ఏమీ లేనప్పుడు మా అత్త అలా ఊరుకోదు.

ఏప్రిల్ 15

చేతిరాత దొరికింది.

మంచి సీసాల్లో కూడా పాడైనవి కొన్ని ఉంటాయి, అది మామూలే. అవి రంగు వేసి చూస్తున్నాను. మెడ దగ్గర చిన్న పూస. ఆ పూస దగ్గర తోక ఎడమకు ఒక వంపు. నిన్న చూసిన సీసాలోనూ అదే వంపు. దాచి ఉంచిన పాత గాజు పలకలన్నీ తీసి చూశాను, జవాదీ తెచ్చిన మొదటిదానితో సహా. అన్నింటిలోనూ అదే పూస, అదే వంపు.

ఇన్ని కొంపల మగవాళ్లకు ఒకే చేతిరాత ఎలా వస్తుంది? రాదు. ఎవడో ఒక్కడు అందరికీ సీసాలు నింపుతున్నాడు. ఆడవాళ్లంతా మొగుళ్లకు తెలియకుండా వాడి దగ్గరికే వెళ్తున్నారు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. ఈ ముక్క నాతో చెప్పకుండా నన్ను ఇంత వెర్రిదాన్ని చేస్తారా! వంశం చదివే యంత్రం ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. ఏ బిడ్డ ఎవరిదన్న పాత గొడవల తర్వాత దాన్ని నగరమంతటా నిషేధించారు.

సాయంత్రం వంతెన మీద ఎదురైన ప్రతి మగవాణ్నీ ఎగాదిగా చూశాను. ఎవడీ మహానుభావుడు? చేపలు ఎండేసే ముసలాయన నా చూపు చూసి సిగ్గుపడి తప్పుకున్నాడు.

ఏప్రిల్ 22

పలక ఒకటి కడగడం మరిచిపోయి వారాంతపు సెలవుకు వెళ్లాను. ఈరోజు పారేద్దామని తీసి, ఎందుకో మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఈదుతున్నాయి.

ఒంట్లోంచి బయటపడ్డ వీర్యకణం పొద్దుగూకేదాకా బతికితే గొప్ప. ఇవి రోజుల తరబడి, ఎండకు అంచులు ఆరిపోయిన చుక్కలో, మధ్యన మిగిలిన ఆ కాస్త తడిలో, అదే జోరుతో తిరుగుతున్నాయి. మంచుపెట్టెలో పెట్టి తీశాను. ఈదాయి. ఉప్పునీళ్లు పోశాను, ఇంకా హుషారుగా ఈదాయి. చివరికి స్పిరిటు దీపం మంట మీద పెడితేనే ఆగాయి.

చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. అయినా అన్నం కలుపుకోబుద్ధి కాలేదు.

ఆఫీసుకు రాశాను. "బలమైన కణాలు సంతోషకరమైన విషయం" అని జవాబు వచ్చింది.

జూలై 8

జవాదీకి అయిదో నెల. ఈ పేటలో ఆస్పత్రి అన్నా ల్యాబే కాబట్టి కడుపుతో ఉన్నవాళ్లంతా అదే బల్ల మీద కూర్చుని నాకోసం చూస్తారు. జవాదీ పొట్ట మీద చెవిగొట్టం పెట్టాను. గుండె చప్పుడు బాగుంది. దాని వెనక ఇంకో కదలిక ఉంది. తన్నడం కాదది. తన్నితే ఒకసారి తన్ని ఊరుకుంటారు. ఇది ఒకే తీరున, ఆగకుండా, ఎడమ వైపుకు.

"ఎప్పటి నుంచే ఇలా?"

"కదలడం మొదలెట్టిన కాడి నుంచీ ఇంతేనప్పా. రేత్రీ పగలూ ఆగదు. నిద్దరోదేటీ ఇది?" అంది. నవ్వుతూనే కాంగా పొట్ట మీదికి లాక్కుంది.

కడుపులో బిడ్డకు కూడా నిద్ర ఉంటుంది. ఆ ముక్క జవాదీకి చెప్పలేదు. మిగిలినవాళ్లను కూడా చూశాను. కదలిక వచ్చిన ప్రతి కడుపులోనూ అదే.

ఆగస్టు 2

ఇక ఉండబట్టలేక జవాదీని లోపలికి పిలిచి తలుపేశాను.

"ఎవడే వాడు?"

"ఎవుడప్పా?"

"మీ అందరికీ సీసాలు నింపుతున్నవాడు. నేను నిన్ను తిట్టను, మీ ఆయనకు చెప్పను. వాడికేదో తేడా ఉంది, వాణ్ని చూడాలి."

జవాదీ నన్ను వింతగా చూసింది. "ఎవుడూ నేడప్పా. నీకు తెల్దేటి? అందరికీ తెలుసు గదా, నీకూ తెలుసనుకున్నాం. మా ఆయనది నీళ్లల్ల ఒదిలీడానికి మెట్ల కాడికెల్లినాను. సీసా కడిగి ఆ మెట్టు మీద పెట్టి మర్సిపోనాను. మజ్జేన్నం రెండో ఎండకూత అయినాక తిరిగెల్లి సూస్తే నిండుగున్నాది. ఎచ్చగున్నాది, ఒంట్లోంచి వొచ్చినట్టు. ఎన్నేళ్ల బట్టి ఇత్తన్నాం మనం! దయ తలిసి, బాగుసేసి, మనది మనకి తిరిగిచ్చినాదనుకున్నాను."

"ఎవరు తిరిగిచ్చింది?"

"సముద్రం" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

తర్వాత తన చెల్లెలికి చెప్పిందట, చెల్లెలు అత్తకు చెప్పిందట. ఇప్పుడు ఖాళీ సీసాలు అక్కడ వరసగా పెట్టి వస్తున్నారు. నన్ను మోసం చేశానని జవాదీ అనుకోవడం లేదు, తన మొగుణ్ని చేశానని అసలే అనుకోవడం లేదు. అతనికీ తెలుసట. పేటలో ప్రతి మగవాడికీ తెలుసట. తెలియనిది నాకూ, జబారికీ. మాకెవరూ చెప్పలేదు.

ఆగస్టు 5

మిట్టమధ్యాహ్నం ఎండకూత సైరను మోగాక పేటలో బయట ఎవరూ ఉండరు. రెండో కూత దాకా తలుపులు వేసుకుని పడుకోవాల్సిందే, ఎండ ప్రాణం తీస్తుంది. తడిపిన దుప్పటి నెత్తిన కప్పుకుని, ఇంకో రెండు బిందెలో నానబెట్టి పట్టుకుని, చిన్న పడవలో వెళ్లి సుంకాల ఆఫీసు పైమెట్టు మీద కూర్చున్నాను.

సీసాలు కింది మెట్టు మీద ఉన్నాయి, మూతలు తీసి, వల సంచిలో, ఇనప కడియానికి కట్టి. నీరు ఇంకా ఒక మెట్టు కిందే ఉంది. పోటు వచ్చే వేళ కాదు. గాలి లేదు. ఒక్క పక్షి లేదు.

ఎవడైనా ఈదుకుంటూ వస్తాడేమోనని ఇంకా ఆశ నాకు. ఒక మనిషి, ఎంత సిగ్గులేనివాడైనా సరే, తడి ఒంటితో వచ్చి మెట్టెక్కితే కావిలించుకునేదాన్ని.

నీరు మెట్టెక్కింది. అలలా రాలేదు. నెమ్మదిగా, పాకుతున్నట్టు, ఆ ఒక్క మెట్టు మీదికే వచ్చింది. పక్కన గోడ దగ్గర నీటిమట్టం పెరగలేదు. సీసాల మీద అలా కప్పుకుని ఉండిపోయింది. నేను వేలు పెట్టి చూశాను. జ్వరం వచ్చిన ఒళ్లు ముట్టుకున్నట్టు వెచ్చగా ఉంది. నా వేలు చుట్టూ నీరు కొంచెం బిగిసినట్టు అనిపించి చెయ్యి లాగేసుకున్నాను. తర్వాత ఎలా వచ్చిందో అలాగే దిగిపోయింది. సీసాలన్నీ నిండి ఉన్నాయి, అంచుల దాకా, ఒక్క చుక్క బయట ఒలకకుండా.

ఆ మెట్టు దగ్గరి నీళ్లు పట్టుకుని ల్యాబుకొచ్చి చూశాను. చుక్కంతా అవే. మెడలో పూస, ఎడమకు వంపు. వంతెన కింది నీళ్లు చూశాను, ఉన్నాయి. మా ఇంటి స్తంభాల దగ్గర నీళ్లు చూశాను. అక్కడ తక్కువ ఉన్నాయి, అయినా ఉన్నాయి.

మా ముత్తవ్వల కాలం నుంచి ఈ పేట మగవాళ్లు పనికిరాదని పారబోసిందంతా ఆ మెట్ల దగ్గరే చేరింది. తలలేనివి, తోకలేనివి, చేగోడీలు. ఇన్నేళ్లూ అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు. అన్నీ కలిసి ఒకటి తయారు చేసుకున్నాయి. నేను ఆ పలకలు కాల్చేసి, బల్ల కాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

ఆగస్టు 11

ఇక నా చేత్తో వెయ్యనని మొన్నే బల్ల దగ్గర చెప్పేశాను. మెట్ల దగ్గర ఏదీ పోయవద్దనీ, తేవద్దనీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. మర్నాటి నుంచి పిచికారీలు కొనుక్కుని ఇళ్లల్లో వాళ్లే వేసుకుంటున్నారు.

పైఊరి ఆఫీసుకు ఉన్నదున్నట్టు చెప్పాను. "మీ యంత్రం పాడై ఉంది కదండీ, కంటితో చూసి ఇంత కథ అల్లారా?" అన్నారు. "సెలవు తీసుకోండి నూకరత్నం గారూ. మీ పేటలో మాత్రం ఏదీ ఆపకండి."

నవంబర్ 9

జవాదీ ప్రసవించింది. మగబిడ్డ. నొప్పులు ఎక్కువసేపు లేవు. నా చేతుల్లోకి జారి వచ్చాడు, నున్నగా, బరువుగా, ఏ లోపం లేకుండా. వేళ్లన్నీ ఉన్నాయి, గుండె భేషుగ్గా ఉంది, ఒళ్లు గులాబీరంగు. పేటలో ఇంత ఆరోగ్యమైన బిడ్డను నేను చూడలేదు.

ఏడవలేదు. ఊపిరి బాగానే తీస్తున్నాడు, ఏడుపు లేదంతే. కళ్లు తెరిచే ఉన్నాయి. రెండు కాళ్లూ దగ్గరగా చేర్చి ఎడమకు కొడుతూనే ఉన్నాడు.

జవాదీ మొగుడు ఎత్తుకుని మురిసిపోయాడు. "సూడప్పా, ముక్కు నాదే!" అన్నాడు. ముక్కు అతనిదే. నుదురు మాత్రం చేపల ముసలాయనది. చెవులు మా ఎదురింటి వాడివి. ఆ చిన్న ముఖంలో మా పేట మగవాళ్లందరూ కొంచెం కొంచెంగా ఉన్నారు. గడ్డం మీద నొక్కు ఒకటి ఉంది. అది జబారిది. రోజూ నా పక్కన పడుకునే మనిషి గడ్డాన్ని నేను పోల్చుకోలేనా!

వాణ్ని గుండెలకు హత్తుకున్నాను. వదలబుద్ధి కాలేదు. నాకు వాడు కావాలనిపించింది, అచ్చం అలాంటివాడే. ఆ రాక్షసి నీళ్లను కళ్లారా చూసి కూడా. అంతకంటే నాకు భయం వేసిన సంగతి ఇంకేదీ లేదు.

నవంబర్ 14

పుట్టి ఇన్ని రోజులైనా జవాదీ కొడుకు రెప్ప వెయ్యలేదు. పాలు తాగుతాడు, ఒళ్లు చేస్తున్నాడు. ఉయ్యాల దానంతటదే ఊగుతోంది, వాడి కాళ్ల దెబ్బకు. ఎండకూత మోగినప్పుడు పేటంతా పడుకుంటే, వాడి తల మాత్రం సుంకాల ఆఫీసు దిక్కుకు తిరుగుతోందట. జవాదీ కూడా నిద్రపోవడం మానేసింది. "ఆడు మెలకువగా ఉంటే నాను ఎలగ తొంగుంటానప్పా?" అంది. కళ్ల కింద నల్లగా కమిలిపోయింది.

నవంబర్ 17

ఈరోజు బల్ల మీద మా అత్త కూర్చుని ఉంది. చంక మీద చెయ్యి నొక్కిపట్టుకుని.

"ఒలే నూకా, ఎచ్చన తెచ్చినాను. నా కొడుకుది" అంది లోపలికొచ్చి.

చూడాల్సిన అవసరం లేకపోయినా చూశాను. పూస, వంపు, ఆ జోరు.

"ఇది మీ అబ్బాయిది కాదత్తా."

"కాదని నువ్వెలగ సెప్తావే? నీ పెల్లయినకాడి నుంచి ఆడిది ఎన్నిసార్లు నీళ్లల్ల ఒదిలీసినాను ఈ సేతుల్తో? ఆడిదీ అందులో ఉన్నాది. జవాదీ గుంటడి గెడ్డం నాను సూడనేదనుకున్నావా? నా కొడుకు గెడ్డం ఇంకోళ్ల ఉయ్యాల్లో ఉన్నాదే! మన ఉయ్యాల ఖాళీగా ఉన్నాది." నా రెండు చేతులూ పట్టుకుంది. "నాను పోయీలోగా ఒక్కసారి ఎత్తుకుంటానే. మరేటీ అడగను."

మా అత్త నన్ను ఏనాడూ గొడ్రాలా అనలేదు. ఏ ఆడపడుచు ముందూ తీసిపారెయ్యలేదు. అలాంటి మనిషి చేతులు పట్టుకుని అడిగితే నేనేం చెయ్యను? సీసా పారబొయ్యలేకపోయాను. పిచికారీ కడిగి పెట్టాను. తర్వాత అది కూడా ముట్టుకోలేకపోయాను. సీసా వెచ్చని పళ్లెం మీద అలాగే ఉంది, దానికి ఆ పళ్లెంతో పని లేకపోయినా.

నవంబర్ 18

పొద్దున కప్పు మీద ఉప్పు గీకుతూ జబారికి అంతా చెప్పాను. మెట్ల సంగతి, నీళ్ల సంగతి, వాళ్లమ్మ తెచ్చిన సీసా సంగతి. అతను గీకడం ఆపలేదు. ఒకే చోట గీకుతూనే ఉన్నాడు.

"నీకు కావాలా?" అన్నాడు చివరికి.

"కావాలి" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. "కావాలి మావా. కానీ భయమేస్తోంది."

చాకు కింద పెట్టి, తాళ్ల చుట్ట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

నవంబర్ 19

బల్ల దగ్గర ఒక్కసారిగా గుసగుసలు ఆగిపోయాయి. ఏమైందా అని తల ఎత్తి చూస్తే గుమ్మంలో జబారి. చొక్కా లోపల, చంక దగ్గర చెయ్యి పెట్టుకుని. వెనక ఆడవాళ్లు కాంగాలు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. మా అత్త బల్ల చివర కూర్చుని కొడుకు వంక చూడలేక గోడ వంక చూస్తోంది. ఇంతమంది మధ్య నుంచి తన వెచ్చన తానే మోసుకుంటూ, పగలు, నడిచి వచ్చాడు. మెడ దాకా చెమటలు పట్టాయి అతనికి.

"నాది నానే తెచ్చినాను" అన్నాడు. "నువ్వు సూడు. నాకూ సూపించు."

పలక మీద చుక్క వేసి, మైక్రోస్కోపు సరిచేసి, అతన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. తన కళ్లతో తనవి చూసుకోవడం అతనికి ఇదే మొదలు. కన్ను తియ్యకుండా చూశాడు.

"ఇయ్యేనా?"

"అవే."

"పాపం. ఎంత కట్టపడతన్నాయో" అన్నాడు.

గుండ్రటి తలలు, పొట్టి తోకలు. కొన్ని ఉన్నచోటే గింగిరాలు తిరుగుతున్నాయి. ఒకటి రెండు నిజంగానే పట్టుదలగా ముందుకు పోతున్నాయి, కాస్త పోయి అలిసిపోతున్నాయి. మేమిద్దరం వంతులు వేసుకుని చూశాం. అలా చూస్తుండగానే ఒకటొకటే నెమ్మదించాయి. ఎండకూతకు ముందే చివరిది కూడా ఆగింది.

"సచ్చిపోనాయేటి?"

"చచ్చిపోయాయి" అన్నాను, నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అతను కంగారుపడి నా భుజం పట్టుకున్నాడు, తన తప్పే అనుకుని. కాదని తల ఊపాను. ఎంతకాలమైంది, ఆగాల్సినది ఆగడం చూసి! అంత సంతోషంగా నేనెప్పుడూ ఏడవలేదు.

అప్పుడు అతను వాళ్లమ్మ తెచ్చిన సీసా చేతిలోకి తీసుకున్నాడు. గాజు గుండా చూస్తే కూడా లోపల తెల్లగా సుడి తిరుగుతోంది.

"ఇదీ నాదే అంటన్నాది అమ్మ. నిజమేనా?"

"కొంత నీదేనేమో."

"నీకు కావాలంటే ఏసుకో రత్నం. నానేటీ అనను, సచ్చిందాకా నా బిడ్డనే సెప్తాను." సీసా మళ్లీ పళ్లెం మీద పెట్టేశాడు. "జవాదీ గుంటణ్ని నిన్న ఎల్లి ఎత్తుకున్నాను. నా గెడ్డమే. జోల పాడినాను. కళ్లు తెరుసుకుని నన్నే సూస్తన్నాడు. ఎంత పాడినా సూస్తానే ఉన్నాడు. నిద్దరోని బిడ్డకి నాను జోలెలగ పాడేది?"

నేను కోరుకున్నదంతా ఆ సీసాలో ఉంది, ఒక్క ఆ నిద్ర తప్ప. స్పిరిటు దీపం వెలిగించాను. సీసా చాలా సేపు మంటలో పట్టుకోవాల్సి వచ్చింది. జబారి నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు. అది పగిలినప్పుడు ఇద్దరికీ వేళ్లు కాలాయి. అతని పలకను కూడా అదే మంటలో కాల్చాను. సముద్రానికి ఇక ఏమీ ఇవ్వను.

తర్వాత బయటికి వచ్చాం. ఫలితం చెడ్డదైతే సీసా తెచ్చినవాళ్ల చెవిలో చెప్పడం మా ఆనవాయితీ. నేను బల్ల చివరిదాకా వినపడేలా చెప్పాను.

"జబారి, నా భర్త. ఆయన వల్ల సంతానం కలగదు. మాకు పిల్లలు పుట్టరు."

మా అత్త కాంగా కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత, ఏమనుకుందో ఏమో, లేచి వచ్చి కొడుకు గడ్డం పట్టుకుని ఒక్కసారి ముద్దు పెట్టుకుని, వంతెన వైపు వెళ్లిపోయింది.

ఆమె లేచిన చోట మేమిద్దరం కూర్చున్నాం. జబారి కాలిన వేళ్లను ఊదుకుంటున్నాడు. అటూ ఇటూ కడుపుతో ఉన్న ఆడవాళ్లు. ఎవరూ కదలడం లేదు గానీ వాళ్ల పొట్టల మీది గుడ్డలు కదులుతున్నాయి, అన్నీ ఒకే తీరున, ఎడమకు, ఆగకుండా, బల్ల చెక్క గుండా నా తొడలకు తెలిసేంతగా. అతని భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకున్నాను. ఆ బల్ల మీద కదలకుండా ఉన్నది మేమిద్దరమే.